41వ వరుసలో ఆక్సిజన్

అంబులెన్సు, ఫైర్, కంట్రోల్ రూమ్ సర్వీసులను నడిపే అధికారులకు ఒక అంబులెన్సు టెక్నీషియన్ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

14 ఏళ్లుగా అంబులెన్సు వెనక భాగంలో, రోగి తలవైపు ఉండే ఆ చిన్న సీట్లో కూర్చుని పనిచేస్తున్నాను. ఈ లేఖ కింద పేరు పెట్టడం లేదు. పెడితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రూల్ బుక్కులో దానికంటూ ఒక పేజీ ఉంది. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేని పేజీ మా బుక్కులో అదొక్కటే.

ముందు ఒక దుప్పటి సంగతి చెప్పాలి.

ఒక రాత్రి నిచ్చెన మీంచి పడ్డ మనిషిని తీసుకెళ్లాం. తల పగిలింది, తొడ ఎముక విరిగింది, ఒళ్లు చల్లబడుతోంది. రక్తం పోతున్న మనిషి ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, ఇంకా పోతుంది. అందుకే మా బండిలో దుప్పటి కూడా మందు కిందే లెక్క. ఉన్న రెండూ కప్పేశాం. ఆసుపత్రిలో మా స్ట్రెచర్ మీంచి వాళ్ల స్ట్రెచర్ మీదకి మార్చి, దుప్పట్లతో సహా లోపలికి తోసుకెళ్లిపోయారు. తెల్లారి డ్యూటీ ఇంకా రెండు గంటలుందనగా స్టోర్ కిటికీ దగ్గరకెళ్లి రెండు దుప్పట్లు అడిగాను.

"పాతవి ఏవి?" అన్నాడు స్టోర్ కీపర్.

"పేషెంటుతో పాటు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోయాయి అన్నా."

"పాతవి ఇస్తేనే కొత్తవి. అదిగో సర్క్యులర్." కిటికీ అద్దానికి అతికించిన కాగితం చూపించాడు. "లేదంటే పోయాయని మూడు కాపీలు రాసివ్వు. నీ జీతంలో పడుతుంది. నన్నేం చేయమంటావు తమ్ముడూ, ఆడిట్‌లో అడిగేది నన్నే కదా."

మంచివాడే. మా అందరికంటే ముందు వచ్చి అందరి తర్వాత వెళ్తాడు. చేసేది లేక కంట్రోల్ రూమ్‌కి "స్టోర్ పని" అని చెప్పి బండి వెనక్కి తిప్పుకుని ఆసుపత్రికి వెళ్లాం. మాసిన బట్టలు వేసే గదిలో మూటలు విప్పి వెతికాం. ఒకటి దొరికింది. సగం ఎండిన రక్తంతో అట్టకట్టుకుపోయి ఉంది. ప్లాస్టిక్ సంచిలో వేసి ముడి కట్టి తెచ్చాం. స్టోర్ కీపర్ ముడి విప్పి, లోపలికి ఒక్క చూపు చూసి, మొహం పక్కకి తిప్పుకుని, రిజిస్టరులో "పాతది 1, అందినది" అని రాసుకున్నాడు. తర్వాత ఆ సంచిని అలాగే తీసుకెళ్లి కాల్చే చెత్తలో వేశాడు. నాకో కొత్త దుప్పటి ఇచ్చాడు. రెండోదానికి మూడు కాపీలు రాసిచ్చాను.

ఈ తతంగానికి 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాల్లో మా ఏరియాలో ఒక కాల్ వచ్చింది, దూరంగా ఉన్న వేరే బండి వెళ్లింది. ఆ కాల్‌లో ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యుంటే ఈ లేఖ వేరేలా ఉండేది, బహుశా నేను రాసేవాణ్ణి కూడా కాదు.

తర్వాత చాలా రోజులు ఆ సర్క్యులర్ గురించే ఆలోచించాను. అది తెలివితక్కువతనంతో పుట్టింది కాదు. ఏదో సంవత్సరం లెక్కల్లో దుప్పట్లు తగ్గి ఉంటాయి. పైనుంచి ఎవరో "ఏమైపోతున్నాయి?" అని మిమ్మల్ని అడిగి ఉంటారు. మీరు ఒక జవాబు తయారు చేసి పెట్టుకున్నారు. ప్రశ్న మీకు వచ్చింది, జవాబు మేము సంచిలో మోస్తున్నాం. నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ రూల్స్‌లో చాలావరకు రోగి కోసమో మా కోసమో పుట్టినవి కావు, రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి పుట్టినవి.

రూల్స్ అంటేనే మాకు పడదని మీటింగుల్లో అంటుంటారు. అది నిజం కాదు. మా పనిలో అసలు సిసలు రూల్స్ ఎలా పుడతాయో చూడండి. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో కార్చిచ్చు ఆర్పడానికి దిగినవాళ్లలో 13 మంది చనిపోయారు. 1956లో కాలిఫోర్నియాలో ఇనాజా అనే చోట ఇంకో 11 మంది. ఇలాంటి చావుల్ని ఒక్కోటి విప్పి చూసి, 1957లో అక్కడి అటవీశాఖ పది ఆదేశాలు రాసింది. వాతావరణం ఎలా ఉందో ఎప్పటికప్పుడు తెలుసుకో. తప్పించుకునే దారి ముందే చూసుకో, అది అందరికీ తెలిసేలా చెయ్యి. ప్రమాదం ఉండే చోట కాపలా మనిషిని పెట్టు. మొత్తం కలిపి జేబులో పట్టే కార్డు మీదకి వచ్చేస్తాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా మంటల్లోకి దిగేవాళ్లకి ఇవే నేర్పిస్తున్నారు. వాటిని పాటించమని ఎవరికీ మెమో ఇవ్వక్కర్లేదు. ఎందుకంటే ప్రతి వాక్యం వెనక ఎవరు పోయారో చదివేవాడికి తెలుసు.

నా సంగతి కూడా ఒకటి ఒప్పుకుంటాను. బండి రివర్స్ చేసేటప్పుడు ఒకరు దిగి వెనక నిలబడాలని మాకో రూలుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని చూసి తెగ నవ్వుకునేవాణ్ణి. వెనక కెమెరా ఉంది, అద్దాలున్నాయి, మళ్లీ మనిషెందుకని. ఒక మధ్యాహ్నం బద్ధకించి దిగలేదు. డ్రైవర్ రివర్స్ తీశాడు, ఏదో చిన్న చప్పుడైంది. దిగి చూస్తే చిన్న పిల్లల సైకిలు, వెనక చక్రం కింద. పిల్లవాడు పక్కనే, రెండడుగుల దూరంలో, చేతిలో బంతి పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. బంతి కోసమని సైకిలు దిగాడట. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దిగకుండా రివర్స్ తీయనివ్వలేదు. నన్నెవరూ ఫోటో తీసి అప్‌లోడ్ చేయమని అడగలేదు కూడా.

ఇప్పుడు బటన్ల సంగతికొద్దాం.

కాల్ వచ్చిన 60 సెకన్లలో బండి కదలాలి. చక్రం కదిలిందో లేదో జీపీఎస్ చెప్తుంది. లేటైతే మర్నాడు లిస్టులో పేరు ఎర్రరంగులో వస్తుంది. వినడానికి బాగానే ఉంది, ఎవరికైనా అంబులెన్సు తొందరగానే కావాలి. కానీ ఆ 60 సెకన్లలో మేము అడ్రసు సరిగ్గా వినాలి, కేసు ఏమిటో తెలుసుకోవాలి, పసిబిడ్డ అయితే చిన్న మాస్కు ఎక్కడుందో చూసుకోవాలి. ఇవన్నీ చేస్తే 75 సెకన్లు, 80 సెకన్లు అవుతుంది. దాంతో మా వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. కాల్ మోగగానే "బయలుదేరాం" బటన్ నొక్కడం, బండిని గేటు దాకా పదడుగులు జరిపి ఆపడం, అక్కడ నిలబెట్టి అడ్రసు కనుక్కోవడం. నేను ఒక కాలు బండిలో, ఒక కాలు నేల మీద పెట్టి తలుపు పట్టుకుని వేలాడిన రోజులున్నాయి. మీ స్క్రీన్ మీద అప్పటికే మేము 42 సెకన్లలో బయలుదేరిపోయాం. నెలాఖరు మీటింగులో మాకు చప్పట్లు కూడా కొట్టారు.

ఇది మా ఒక్కరి తెలివి అనుకోకండి. ఇంగ్లాండులో ప్రాణాపాయం ఉన్న కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లో చేరాలని టార్గెట్ పెట్టారు. తర్వాత లెక్కలు తీసి గ్రాఫ్ గీస్తే, కొన్ని సర్వీసుల్లో సరిగ్గా 8 నిమిషాల గీతకి ముందు ఒక పెద్ద గుట్ట, గీత దాటగానే లోయ. ఎవరైనా వెళ్లి 8 నిమిషాల లోపు రోగి ముందు నిలబడితే గడియారం ఆగిపోతుంది కాబట్టి, రోగిని మోసుకెళ్లలేని బండ్లని, బైకుల్ని ముందు పంపేవారు. పక్షవాతం వచ్చిన మనిషి పక్కన ఒక టెక్నీషియన్ బైకు ఆపుకుని, అంబులెన్సు కోసం తనూ ఎదురుచూసేవాడు. వాళ్ల కాగితాల్లో మాత్రం టార్గెట్ అందుకున్నట్టే. 2017లో వాళ్లు ఆ లెక్క మార్చారు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అలాంటి కేసుల్లో, తీసుకెళ్లే బండి వచ్చినప్పుడే గడియారం ఆగాలన్నారు. అన్నిటికంటే అత్యవసరమైనవి కాని కాల్స్‌లో, బండి పంపేముందు విషయం కనుక్కోవడానికి కంట్రోల్ రూమ్‌కి ఎక్కువ సమయం ఇచ్చారు. తొందరపడి తప్పు బండి పంపేకంటే, కాసేపు విని సరైనది పంపడం మేలని లెక్కలు చూసి ఒప్పుకున్నారు. మనం మాత్రం ఇంకా ఆ పాత గడియారాన్నే గోడకి తగిలించుకుని కూర్చున్నాం.

బటన్ల మీద అతినమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో కూడా ఒక చోట జరిగిపోయింది. 1992 అక్టోబరు 26న లండన్ అంబులెన్సు సర్వీసు రాత్రికి రాత్రి కొత్త కంప్యూటర్ డిస్పాచ్, అంటే ఏ కాల్‌కి ఏ బండి వెళ్లాలో కంప్యూటరే చెప్పే పద్ధతి, పెట్టింది. ఏ బండి ఎక్కడుందో కంప్యూటర్‌కి ఎప్పుడూ కచ్చితంగా తెలుస్తుందన్న నమ్మకం మీదే అది మొత్తం నిలబడింది. సిబ్బంది బటన్లు వరుస తప్పి నొక్కినా, నొక్కకపోయినా, రేడియో సిగ్నల్ అందకపోయినా కంప్యూటర్‌కి బండి కనపడదు. ఒకే కాల్‌కి రెండు బండ్లు వెళ్లాయి, కొన్ని కాల్స్‌కి బండే వెళ్లలేదు. వారం తిరిగేసరికి, నవంబరు 4 తెల్లవారుజామున, సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ కాగితం, పెన్ను. తర్వాత విచారణ జరిగింది. తక్కువ ధరకి ఎవరు చేస్తామంటే వాళ్లకి పని ఇవ్వడం, సాధ్యం కాని గడువు పెట్టడం, పనిచేసేవాళ్లకి దాని మీద నమ్మకం లేకపోయినా పట్టించుకోకపోవడం, ఇవన్నీ 1993లో వచ్చిన రిపోర్టులో ఉన్నాయి. కంప్యూటర్ కంటే మేనేజ్‌మెంట్ గురించే అందులో ఎక్కువ ఉంది. ఆ సర్వీసు బాస్ రాజీనామా చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, అక్కడ కనీసం ఆకులైనా పట్టుకున్నారు.

కంట్రోల్ రూమ్ మాట వచ్చింది కాబట్టి, ఒకమ్మాయి గురించి రాస్తాను. తనకి ఇబ్బంది కాకూడదని ముందే అడిగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

గుండె ఆగిపోయినప్పుడు ఛాతీ నొక్కకుండా వదిలేస్తే, బతికే అవకాశం ప్రతి నిమిషానికి దాదాపు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. బండి ఎంత తొందరగా వెళ్లినా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో రోగి పక్కన ఉండేది ఇంట్లోవాళ్లే. అందుకే ఫోన్‌లోనే సీపీఆర్ చేయించడం అనేది వచ్చింది. అమెరికాలో సియాటెల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో 1980లలోనే మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో అదే పద్ధతి. ఫోన్ తీసినవాళ్లు లైన్ వదలకూడదు, బండి చేరేదాకా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కేలా లెక్కపెడుతూ ఉండాలి.

మా కంట్రోల్ రూమ్ టార్గెట్ ఏమిటంటే, సగటు కాల్ 120 సెకన్లు దాటకూడదు.

ఆ రాత్రి ఫోన్ చేసింది ఒక పెద్దావిడ, భర్త కోసం. ఈ అమ్మాయి స్పీకర్ ఆన్ చేయించి, ఆయన్ని మంచం మీంచి కిందకి దింపించి, చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పి, లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆవిడ మధ్యలో ఏడ్చేసి ఆపేస్తే, "అమ్మా, నాతో పాటు లెక్కపెట్టండి, గట్టిగా" అని మళ్లీ మొదలుపెట్టించేది. పక్క సీట్లో ఉన్నవాళ్లకి కూడా ఆ లెక్క వినిపించిందట. మేము తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి ఆవిడ ఇంకా నొక్కుతూనే ఉంది, ఫోన్ నేల మీద, అందులోంచి ఈ అమ్మాయి గొంతు. నేను పక్కకి జరగమన్నా ఆవిడ చేతులు ఒక క్షణం ఆగలేదు.

నాలుగో రోజు మెమో వచ్చింది. "కాల్ నిడివి 9 నిమిషాల 14 సెకన్లు. కారణం తెలపగలరు." ఆ అమ్మాయి రెండు మాటలు రాసిచ్చింది: "గుండె ఆగింది." వారం తర్వాత ఇంకో మెమో వచ్చింది: "మీ సంజాయిషీ అసంపూర్ణంగా ఉన్నది."

ఆయన బతికాడా అని అడుగుతారు. లేదు. బతికుంటే ఈ కథ మీ వార్షిక నివేదికలో ఫోటోతో సహా వచ్చేది, ఆ అమ్మాయికి శాలువా కప్పేవాళ్లు. అదే 9 నిమిషాల 14 సెకన్లకి.

చిన్నా చితకా రూల్స్ గురించి పెద్దగా రాయను, మీకు తెలియనివి కావు. స్పృహ లేని మనిషి తండ్రి పేరు నింపితే గానీ ట్యాబ్ తర్వాతి పేజీకి వెళ్లదు. మా రికార్డులు చూస్తే ఎంతమంది రోగులకి "చుక్క" అనే తండ్రి ఉన్నాడో మీకే అర్థమవుతుంది. డీజిల్ ఆదా కోసం నిలబడ్డప్పుడు ఇంజిన్ ఆపేయాలి, మంచిదే. కానీ వెనక ఉన్న చిన్న ఫ్రిజ్ కూడా ఇంజిన్‌తో పాటే ఆగుతుంది. ఫిట్స్ ఆపే లోరాజెపామ్ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. డీజిల్ లెక్క మీకు నెలనెలా వస్తుంది. మందు ఎంత వేడెక్కిందో లెక్క ఎవరూ అడగరు, కాబట్టి దానికి రూలూ లేదు. టాయిలెట్‌కి వెళ్లాలంటే రేడియోలో కోడ్ చెప్పి పర్మిషన్ తీసుకోవాలి, అది మొత్తం జోన్‌లో ఉన్న బండ్లన్నిటికీ వినిపిస్తుంది. మా బ్యాచ్‌లో ఆడవాళ్లు డ్యూటీలో నీళ్లు తాగడం మానేశారు. దీని మీద ఇంకేం రాయమంటారు.

నిద్ర గురించి మాత్రం రాయాలి. మనుషులు తక్కువున్నారని 12 గంటల డ్యూటీ దిగబోయేవాణ్ణి ఇంకో ఆరు గంటలు ఉంచడం మామూలైపోయింది. ఒప్పుకోకపోతే "టీమ్ స్పిరిట్ లేదు" అని రాస్తారు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక విషయం చూపించారు. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంతో సమానంగా పడిపోతుంది. చాలా దేశాల్లో ఆ పైన బండి నడిపితే కేసు. మా గేటు దగ్గర డ్రైవర్ల నోటికి మిషన్ పెట్టి ఊదిస్తారు, తాగలేదని రుజువు చేసుకోవడానికి. డ్యూటీ ఎక్కేటప్పుడే ఊదిస్తారు. 17వ గంటలో ఊదిస్తే ఆ మిషన్‌కి ఏమీ కనిపించదు, అది వేరే సంగతి. ఆ గంటలో మా డ్రైవర్ సైరన్ వేసుకుని వెళ్తూ గ్రీన్ లైట్ దగ్గర బండి ఆపేశాడు. "ఎందుకాపావురా?" అంటే కాసేపు నా మొహం చూసి, "ఏమో" అన్నాడు.

అది మేము ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాం? "ప్రమాదం తప్పిన సంఘటన" అని మీరు ఒక ఫారం పెట్టారు. అందులో మొదటి గడి: బాధ్యుడైన ఉద్యోగి నంబరు. ఫారం పెట్టిన ఏడాదిలో ఒక్కటి కూడా రాలేదని, అంటే మన దగ్గర ప్రమాదాలే లేవని, ఒక పెద్దాయన మీటింగులో సంతోషపడ్డారు. విమానాలవాళ్లు ఈ ముడి ఎప్పుడో విప్పారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను శిక్షలు వేసే శాఖకి కాకుండా నాసాకి రాసి పంపుతారు. నాసా పేర్లు తీసేసి, పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతుంది. అలా వాళ్లంతట వాళ్లే రాసిచ్చిన రిపోర్టులు లక్షల్లో ఉన్నాయి. మనకి నాసా అక్కర్లేదు. ఫారంలో ఆ మొదటి గడి కొట్టేయండి చాలు. మర్నాడే మా డ్రైవర్ గ్రీన్ లైట్ సంగతి మీ టేబుల్ మీద ఉంటుంది.

ఇంకో పాత కథ ఒకటి నన్ను వదలదు. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సర్వీసు మొదలైంది. ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకుల్ని తీసుకుని, సీపీఆర్‌కి ఇప్పుడున్న రూపం తేవడంలో ముందున్న పీటర్ సాఫర్ అనే డాక్టర్ దగ్గర కఠినమైన శిక్షణ ఇప్పించారు. అంతకు ముందు అక్కడ రోగుల్ని ఎక్కువగా పోలీసు వ్యాన్లలో వేసుకెళ్లేవారు. అంబులెన్సు అంటే మోసుకెళ్లే బండి కాదు, వైద్యం మొదలయ్యే చోటు అని చూపించినవాళ్లలో వీళ్లు ముందువరుసలో ఉన్నారు. 1975లో నగర పాలకులు సొంత సర్వీసు పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ని మూసేశారు. పాతవాళ్లని తీసుకున్నట్టే తీసుకుని, కొత్త పరీక్షలతో, అనుభవం తక్కువున్నవాళ్ల కింద వేయడంతో, చాలామందిని బయటికి పోయేలా చేశారు. అదంతా కాగితాల మీద రూల్ ప్రకారమే జరిగింది. మంచి పనివాళ్లని పోగొట్టుకోవడానికి ఎవర్నీ డిస్మిస్ చేయక్కర్లేదు. గత రెండేళ్లలో మా బేస్ నుంచి వెళ్లిపోయిన ఆరుగురూ నాకు పని నేర్పినవాళ్లే. వాళ్ల ఎగ్జిట్ ఫారాల్లో కారణం దగ్గర "వ్యక్తిగతం" అని ఉంటుంది. వేరే కారణం ఎంచుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

మీ పని సులువని నేను అనడం లేదు. బడ్జెట్ తగ్గించేది ఇంకెవరో, తిట్లు తినేది మీరు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పాల్సిన పరిస్థితి మీకూ వస్తుంటుంది, తెలుసు. అందుకే జీతాలు పెంచమనో, బండ్లు కొనమనో ఈ లేఖలో అడగడం లేదు. అవి అడిగే చోటు వేరే ఉంది, అక్కడ అడుగుతూనే ఉంటాం.

అడిగేది ఒక్కటే. రూల్ బుక్కులో ప్రతి రూలు కింద దాని పుట్టుక రాయండి. ఏ రోజు, ఏ సంఘటన, ఎవరికి ఏమైంది. పేర్లు వద్దు. "వెనక నిలబడకుండా రివర్స్ తీయడం వల్ల చిన్న పిల్లల సైకిలు చక్రం కింద పడింది" అని ఉంటే కొత్తగా చేరినవాడు నవ్వడు. దుప్పటి రూలు కింద కూడా రాయండి: "ఫలానా సంవత్సరం ఆడిట్‌లో లెక్క తేడా వచ్చింది." అలా రాయడానికి మీకు మొహమాటంగా అనిపిస్తే ఆ రూలు తీసేయండి. ఎందుకు పుట్టిందో ఎవరికీ గుర్తులేని రూల్స్ బుక్కులో సగం పైనే ఉంటాయని నా అనుమానం. వాటిని ఏడాదికోసారి, బండ్ల మీద పనిచేసేవాళ్లు ఇద్దరిని కూర్చోబెట్టుకుని, ఉంచాలా తీసేయాలా తేల్చండి. ఆ ఇద్దర్నీ మీరు ఎంచుకోవద్దు, మమ్మల్ని ఎంచుకోనివ్వండి.

ఈ రాత్రి 8 గంటలకి నాకు డ్యూటీ. ఎక్కగానే బండి చెక్‌లిస్టు నింపాలి, 64 వరుసలు. మొదటిది "వాహనం బయట శుభ్రంగా ఉన్నదా", రెండోది "లోగో స్టిక్కరు చెరిగిపోలేదా", మూడోది యూనిఫాం బటన్లు. ఆస్తుల రిజిస్టరులో ఉన్న వరుసనే చెక్‌లిస్టుగా దించారని తర్వాత తెలిసింది. ఆక్సిజన్ సిలిండర్ 41వ వరుసలో ఉంది. గొంతుకి అడ్డుపడ్డ రక్తం, కఫం లాగేసే సక్షన్ మిషన్ 47లో. పైన 40 నింపకుండా ట్యాబ్ 41కి వెళ్లదు, మధ్యలో కాల్ వస్తే ఎక్కడున్నామో అక్కడే వదిలేసి పరుగెత్తాలి. కాబట్టి ట్యాబ్ ఆన్ చేయకముందే నేను వెనక తలుపు తీసి సిలిండర్ వాల్వు తిప్పుతాను, మీటర్ ముల్లు చూస్తాను, సక్షన్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి లాగుతోందో లేదో చూసుకుంటాను. మాస్కులు, పెద్దది, చిన్నది. గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ బ్యాటరీ. ఆ తర్వాత మెట్టు మీద కూర్చుని మొదటి వరుస నుంచి మొదలుపెడతాను. స్టిక్కరు బాగానే ఉంది.

ఇట్లు,
మీ సర్వీసులో పనిచేసే ఒక టెక్నీషియన్